ముందు బకెట్, వెనక పాసంగం: పాత గార్డెన్ ట్రాక్టర్‌కి లోడర్ బిగించిన డైరీ

మొదటి శనివారం

రెండేళ్లుగా షెడ్డు మూలన తుప్పు పడుతున్న లోడర్‌ని ఇవాళ బయటికి ఈడ్చాం. లోడర్ అంటే ట్రాక్టర్ ముందు తగిలించి మట్టి ఎత్తే సరంజామా. ఇది వేరే చిన్న ట్రాక్టర్ నుంచి విప్పిన సరుకు. రెండు ఆర్మ్‌లు, 900 మి.మీ. వెడల్పు బకెట్, నాలుగు హైడ్రాలిక్ సిలిండర్లు ఉన్నాయి. పంపు లేదు, వాల్వు లేదు. బండికి తగిలించే ఫ్రేము అసలే లేదు. "పైనుండేవన్నీ ఉన్నాయి, కిందుండేవి ఒక్కటీ లేవు కదరా" అన్నాడు బాబాయ్. వెల్డింగ్ ఆయనది, కొలతలు నావి. అదీ ఒప్పందం.

ట్రాక్టర్ 1970ల నాటిది. కోలర్ కే301 ఇంజిన్: పోత ఇనుము బ్లాకు, ఒకే సిలిండర్, 476 సీసీ, 3600 ఆర్‌పీఎం దగ్గర 12 హార్స్‌పవర్. ముందుకి మూడు గేర్లు, వెనక్కి ఒకటి. గడ్డి కోయడానికీ, చిన్న ట్రాలీ లాగడానికీ చేసిన బండి ఇది. దీని ముక్కు మీద మట్టి మోయించాలన్న కోరిక నాది, దానిది కాదు.

ముందు తూకం వేశాం. ఇప్పుడు కొలవకపోతే రేపు ఏది ఎంత మారిందో చెప్పలేం. మనుషులు బరువు చూసుకునే కాటా 150 కిలోల దాకా చూపిస్తుంది. దాన్ని ఒక్కో చక్రం కింద పెట్టి, మిగతా మూడింటి కింద అదే మందం చెక్కలు వేశాం. చెక్కలు లేకపోతే బండి ఒరిగి అంకె మారిపోతుంది. ముందు రెండు చక్రాలూ కలిపి 130 కిలోలు, వెనక రెండూ కలిపి 215. రెండు ఇరుసుల మధ్య దూరం 1170 మి.మీ. బకెట్, సిలిండర్లతో సహా లోడర్ ఆర్మ్‌లు 80 కిలోలు. అన్నీ షెడ్డు తలుపు మీద సుద్దతో రాసిపెట్టాను.

మర్నాడు

పొద్దుటి నుంచీ వాదనే. ట్రాక్టర్ ఫ్రేముకి అటొకటి ఇటొకటి నిలువు స్తంభాలు పెట్టి, నాలుగేసి బోల్టులు బిగించేసి, వాటికి ఆర్మ్‌లు తగిలించేద్దామన్నాను. బాబాయ్ ఒప్పుకోలేదు.

"బకెట్ మట్టిలోకి దూరాలంటే తోసేది ఎవరు?"

"వెనక చక్రాలు."

"మరి ఆ తోపు వెనక ఇరుసు నుంచి బకెట్ దాకా దేంట్లోంచి వెళ్తుంది? నీ అయిదు మిల్లీల రేకు ఫ్రేములోంచేనా?"

నా దగ్గర జవాబు లేదు. బకెట్ మూల ఒక రాయికి తగిలిందనుకోండి. ఆ దెబ్బ ఒక్క స్తంభానికే వస్తుంది, ఫ్రేము మెలితిరుగుతుంది. బరువెత్తినప్పుడు రెండు స్తంభాలూ ముందుకి వాలాలని చూస్తాయి. నాలుగు బోల్టు రంధ్రాల చుట్టూ ఉన్న కాస్త రేకే ఆ గుంజుడంతా భరించాలి. చీలిక ముందు ఆ రంధ్రాల దగ్గరే మొదలవుతుంది. కాబట్టి ట్రాక్టర్ ఫ్రేము కింద ఇంకో ఫ్రేము: వెనక ఇరుసు గొట్టాల నుంచి మొదలై, పాదాల పలకల కిందుగా ముందు దాకా వెళ్లే రెండు చానళ్లు. స్తంభాలు వీటి మీద నిలబడతాయి. ట్రాక్టర్ ఫ్రేముకి కూడా ఒక పట్టు ఉంటుంది, కానీ అది పక్కకి కదలకుండా చూడ్డానికే.

రెండో వారాంతం

75 మి.మీ. చానల్ కోశాం. వెనక ఇరుసు గొట్టాలకి యు ఆకారం క్లాంపులు, 12 మి.మీ. బోల్టులు, 8.8 గ్రేడువి. స్తంభాలకి 80 మి.మీ. చదరపు గొట్టం. స్తంభం తల నుంచి చానల్ ముందు కొసకి ఏటవాలుగా ఒక్కో ఊత.

ఈ ఊతల దగ్గరే మొదటి తప్పు. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది కదా. బండి చదునుగా ఉన్నప్పుడు చూసి కొలిచాను, వేలెడు సందు కనిపించింది. టాక్ (తాత్కాలిక చుక్క వెల్డింగ్) పెట్టాక అనుమానం వచ్చి ఎడమ చక్రం కింద 150 మి.మీ. దిమ్మ పెట్టి చూస్తే ఇరుసు కొస లేచి ఊతకి తగిలింది. అలాగే వదిలేసుంటే గతుకు వచ్చినప్పుడల్లా ఇరుసు లోడర్ ఫ్రేముని సుత్తితో కొట్టినట్టు కొట్టేది. కోసి, ఊత పాదాన్ని 60 మి.మీ. వెనక్కి జరిపాం. టాక్ మీదుండగా కనబడింది కాబట్టి సరిపోయింది. పూర్తి కుట్టు వేశాక అయితే గ్రైండర్‌తో ఒక పూట పోయేది.

రెండు ఆర్మ్‌లనీ కలిపే అడ్డ కమ్మీ గురించి కొంచెం వివరంగా రాయాలి. లోడర్‌తో వచ్చింది ఎల్ యాంగిల్. చూడ్డానికి గట్టిగానే ఉంది, కానీ ఒక కొస పట్టుకుని మెలితిప్పితే చేత్తోనే కదులుతోంది. లిఫ్టు సిలిండర్లు రెండింటికీ నూనె ఒకే లైనులో వస్తుంది. ఏ పక్క తేలికో నూనె అటే పోతుంది. బకెట్ కుడి మూలన బరువుంటే ఎడమ ఆర్మ్ ముందు లేస్తుంది. రెండూ సమానంగా లేవాలంటే వాటిని కలిపే కమ్మీ మెలితిరగకూడదు. మెలికకి తట్టుకునేది మూసిన గొట్టం. యాంగిల్ లాంటి తెరిచిన ఆకారం అదే బరువులో చాలా బలహీనం. యాంగిల్ కోసి పారేసి, 76 మి.మీ. గుండ్రటి గొట్టం వేశాం.

వెల్డింగ్ ముందు బ్యాటరీ తీగ విప్పాం. ఎర్త్ క్లాంపు ఎప్పుడూ కుట్టు పక్కనే పట్టించాం, కరెంటు బేరింగుల గుండా పోకుండా. సిలిండర్ రాడ్లకి తడిగుడ్డ చుట్టాం. వాటి క్రోమ్ మీద ఒక్క నిప్పురవ్వ అతుక్కున్నా, రాడ్డు లోపలికి వెళ్లినప్పుడల్లా సీలుని గీకుతూనే ఉంటుంది.

మూడో వారం, సాయంత్రాలు

హైడ్రాలిక్స్. నాకు ఇష్టమైన భాగం, ఎక్కువ తిట్లు తిన్నదీ ఇదే.

పంపు గేర్ పంపు, ఒక్క చుట్టుకి 4 సీసీ. ఇంజిన్ ముందు పుల్లీ నుంచి బెల్టు. పుల్లీ కొలతల వల్ల పంపు 2700 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది, అంటే నిమిషానికి సుమారు 10 లీటర్లు. లిఫ్టు సిలిండర్లు 50 మి.మీ. బోరు, 400 మి.మీ. స్ట్రోకు. రెండూ నిండటానికి 1.57 లీటర్లు కావాలి. కింది నుంచి పైదాకా తొమ్మిదిన్నర సెకన్లు. నెమ్మదే. ఇంత చిన్న బండికి నెమ్మదే మంచిది, ఝుళిపిస్తే లోడు కంటే ముందు బండి లేస్తుంది.

బెల్టు పుల్లీని పంపు షాఫ్టుకే నేరుగా తగిలించడం చాలామంది చేసే పని. బెల్టు ఎప్పుడూ ఒక పక్కకే గుంజుతుంది. మామూలు గేర్ పంపు బుష్‌లు ఆ పక్క లాగుడు కోసం చేసినవి కావు, కొన్నాళ్లకి సీలు దగ్గర కారడం మొదలవుతుంది. అందుకని పుల్లీకి వేరే షాఫ్టు, దానికి రెండు బేరింగులు, అక్కడి నుంచి మధ్యలో రబ్బరు నక్షత్రం ఉండే కప్లింగ్‌తో పంపుకి. ఒక చేయి అదనపు స్థలం తిన్నది కానీ మనశ్శాంతి.

వాల్వు రెండు స్పూళ్లది, అంటే నూనెని మళ్లించే జారుడు కడ్డీలు రెండు. ఒకటి లేపడానికి, ఒకటి బకెట్ తిప్పడానికి. లేపే స్పూల్లో ఫ్లోట్ అనే నాలుగో స్థానం ఉంది. అందులో పెడితే సిలిండర్ రెండు వైపులా నూనె స్వేచ్ఛగా తిరుగుతుంది, బకెట్ తన బరువుతోనే నేల మీద జారుతూ వస్తుంది. వెనక్కి వస్తూ నేల చదును చేయడానికి అది లేకపోతే కుదరదు.

బుధవారం మొదటిసారి తిప్పాం. రెండు నిమిషాల్లో ట్యాంకులో నూనె మజ్జిగలా తెల్లబడింది. పంపు దోమలా సన్నగా రొద. నూనె అందక పంపు రొద పెట్టడం ఒక జబ్బు, నూనెలో గాలి కలవడం ఇంకో జబ్బు. నురగ వచ్చిందంటే గాలి ఎక్కడినుంచో దూరుతోందని అర్థం. సక్షన్, అంటే పంపు నూనె పీల్చే వైపు కీళ్లన్నీ బిగించినా తగ్గలేదు. చివరికి చూస్తే తిరిగొచ్చే గొట్టం ట్యాంకులో నూనె మట్టం పైన ఆగిపోయింది. అక్కడి నుంచి కొళాయిలా ధారగా పడి గాలిని తనే లోపలికి కలుపుతోంది. ఆ గొట్టాన్ని అడుగు దాకా పొడిగించాం, మధ్యలో ఒక అడ్డ పలక పెట్టాం, వచ్చిన నూనె నేరుగా సక్షన్ నోట్లోకి పోకుండా. నురగ పోయింది. రొద మాత్రం సగమే తగ్గింది. మిగతా సగం సక్షన్ హోసుది. నేను వాడింది మెత్తటి రబ్బరు గొట్టం, లోపల తీగచుట్ట లేదు. ఇంజిన్ రేజ్ చేస్తే లోపలికి పీల్చుకుని బల్లపరుపై పోతోంది. తీగచుట్ట ఉన్న 19 మి.మీ. హోసు తెచ్చి వేశాక నిశ్శబ్దం.

కారుతోందేమో చూడ్డానికి చెయ్యి పెట్టబోయాను. బాబాయ్ వీపు మీద ఒక్కటిచ్చాడు. సూది మొనంత చిల్లులోంచి వచ్చే ఒత్తిడి నూనె చర్మం కోసుకుని లోపలికి దిగిపోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది, లోపల వేలు పోయేంత పని జరుగుతుంది. ఆపరేషన్ దాకా పోతుంది. అట్ట ముక్క పట్టుకుని చూడాలి. అట్ట మీద తడి గీత పడితే అదే లీకు.

నాలుగో ఆదివారం

ఇవాళ్టిది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది.

వెనక బరువు సంగతి నాకు తెలియక కాదు. చక్రాలకి తగిలించే ఇనుప పళ్లేలు, ఒక్కోటి 23 కిలోలు, రెండు ఉన్నాయి కదా, చాలనుకున్నాను. తడి మట్టి నిండా ఎత్తాను, 120 కిలోలకి తక్కువుండదు. చదునులో బాగానే నడిచింది. స్టీరింగు మాత్రం బిగుసుకుపోయి, రెండు చేతులా లాగాల్సి వచ్చింది. పక్కకి కాస్త వాలు ఉన్న చోట తిరుగుతూ, కనబడటం లేదని బకెట్ కొంచెం పైకెత్తాను. పై వైపు వెనక చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది. బ్రేకు తొక్కాను. ఆ చక్రం నేల వదిలేసింది. బండి కింది వైపుకి ఒరిగి, ఠక్కుమని ఏదో తగిలి ఆగింది. బకెట్ కిందికి దించే లీవర్ చేతిలోనే ఉంది కాబట్టి దించేశాను. చక్రం నేలకి ఆనింది. దిగి చూస్తే నా కాళ్లు వణుకుతున్నాయి.

ఆ ఠక్కుమన్నది ముందు ఇరుసు. తన ఊగుడు హద్దు దాకా వెళ్లి ఫ్రేముకి తగిలి ఆగింది. అది తగలకపోయుంటే బండి నా మీదే పడేది.

అదే రాత్రి

నిద్ర పట్టక లెక్కలు తీశాను. అసలు ఈ డైరీలో ఎవరికైనా పనికొచ్చేదుంటే ఈ పేజీయే.

ముందు ఇరుసు ఒక్క పిన్ను మీద ఊగుతుందన్నాను కదా. అంటే నాలుగు చక్రాలున్నా బండి నిజంగా నిలబడింది మూడు కాళ్ల మీద: రెండు వెనక చక్రాలు, ముందు ఆ ఒక్క పిన్ను. ముందు చక్రాలు ఎంత వెడల్పుగా ఉన్నా, ఇరుసు హద్దుకి తగిలేదాకా, పక్కకి పడిపోకుండా ఆపడంలో వాటి పాత్ర లేదు. ఆ పని మొత్తం వెనక చక్రాలది. బకెట్‌లో బరువేస్తే ఆ త్రికోణంలో బరువు కేంద్రం సన్నటి కొస వైపుకి, అంటే పిన్ను వైపుకి జరుగుతుంది. బకెట్ ఎత్తితే అది పైకి కూడా పోతుంది. వాలు మీద ఇక దారం తెగినట్టే.

ఇప్పుడు అంకెలు, సుద్ద గీతల నుంచి. పళ్లేలు పక్కన పెడితే, నేను, 70 కిలోల మనిషిని, సీట్లో కూర్చుంటే ముందు 142, వెనక 273. ఖాళీ లోడర్, దాని ఫ్రేము కలిపి 135 కిలోలు. తగిలించాక ముందు 273, వెనక 277. అంటే లోడర్ బరువు దాదాపు అంతా ముందు ఇరుసే మోస్తోంది. బకెట్‌లో 100 కిలోలు వేద్దాం. బకెట్ నడుమ వెనక ఇరుసుకి 2000 మి.మీ. ముందుంటుంది. 100 ని 2000 తో హెచ్చించి 1170 తో భాగిస్తే 171. వేసింది 100, ముందు ఇరుసుకి చేరింది 171! ఆ అదనపు 71 ఎక్కడిది? వెనక చక్రాల నుంచి లాక్కున్నది. ముందు 444, వెనక 206. గడ్డి కోయడానికి 142 మోసిన ఇరుసు మీద మూడింతలు.

ఇదంతా బండి నిలబడి ఉన్నప్పటి మాట. బ్రేకు తొక్కితే ఇంకొంత ముందుకి పోతుంది. పైగా ఈ బండికి బ్రేకు వెనక చక్రాలకే. తేలికైపోయిన చక్రాలకి బ్రేకు వేసి బండిని ఆపమంటున్నాను.

మరి నా ఇనుప పళ్లేలు? 46 కిలోలు, సరిగ్గా వెనక ఇరుసు మీద. వెనక 46 పెరుగుతుంది. ముందు ఒక్క కిలో కూడా తగ్గదు! టైర్లలో నీళ్లు పోసినా అంతే. ముందు ఇరుసుకి ఊరట కావాలంటే బరువు వెనక ఇరుసు దాటి, ఇంకా వెనక్కి పోవాలి. కావడి మోసే మనిషి బద్దని భుజం మీద నిలిపేది రెండో కొసన ఇంకో కుండ ఉండబట్టే. భుజం మీదే రాయి పెట్టుకుంటే ముందు కుండ తేలికవదు.

వెనక ఇరుసుకి 550 మి.మీ. వెనక 120 కిలోలు వేలాడదీస్తే? 120 ని 550 తో హెచ్చించి 1170 తో భాగిస్తే 56. ముందు నుంచి 56 తగ్గుతుంది, వెనక 176 పెరుగుతుంది. ముందు 388, వెనక 382. త్రాసుకి పాసంగం కట్టినట్టు, సరిగ్గా తూగింది. పొద్దున బాబాయ్‌కి చూపిస్తే, "ఇది ముందే లెక్కేసుకోవాల్సింది కదరా" అన్నాడు. నిజమే.

అయిదో వారం

ముందు ఇరుసు విప్పాం. నడిమి పిన్ను రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చేసింది. అది ఈ ఒక్క ఆదివారపు పని కాదు, ఏళ్లుగా గ్రీజు చూడని ఫలితం. రంధ్రం గుండ్రంగా బోరు చేయించి కంచు బుష్ దిగగొట్టాం, గ్రీజు నిపుల్ పెట్టాం. ఎడమ పక్క స్పిండిల్, అంటే ముందు చక్రాన్ని పట్టే కడ్డీ, కొద్దిగా వంగింది. 19 మి.మీ. కడ్డీ అది. గడ్డికోత బండికి చాలు. రెండూ తీసేసి 25 మి.మీ.వి చేయించాం. వంపుకి తట్టుకునే బలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది, కాబట్టి ఈ 6 మి.మీ.తో బలం రెండింతలు దాటింది. స్పిండిల్ నిలువు కడ్డీ కింద థ్రస్టు బేరింగు పెట్టాం. ఇంతకు ముందు ఇనుము మీద ఇనుము ఆని తిరిగేది. స్టీరింగు ఎందుకు అంత బిగుసుకుపోయిందో ఇప్పుడు తెలిసింది. ముందు టైర్లు కూడా ఎక్కువ బరువుకి పనికొచ్చే నాలుగు ప్లైవి, గీతల రిబ్ టైర్లు వేశాం. గాలి టైరు పక్కన రాసిన హద్దుకి దగ్గరగా.

పాసంగం పెట్టె

వెనక వేలాడదీసే కాంక్రీటు పెట్టె లోపలి కొలత 500, 300, 280 మి.మీ. అంటే 42 లీటర్లు. కాంక్రీటు లీటరుకి 2.4 కిలోలు చొప్పున 101 కిలోలు. పెట్టె రేకు, కొక్కేలు 19. మొత్తం 120. ఇంకా పెద్దది చేయకుండా, వెనక్కి జరిపి కట్టాం. దూరం పెరిగితే తక్కువ బరువుతోనే అదే పని అవుతుంది. అలాగని మరీ వెనక్కి పోతే మలుపులో తోక కొడుతుంది, పైగా ఊగే బరువు గతుకుల్లో ఇరుసు గొట్టాన్ని పీకుతుంది. 550 దగ్గర రాజీ పడ్డాం.

దాన్ని ఎత్తి తగిలించడం ఇద్దరి వల్ల కాదు. అందుకని మూడు కాళ్ల స్టాండు. పెట్టె ఎప్పుడూ స్టాండు మీదే ఉంటుంది. బండిని వెనక్కి తెచ్చి, రెండు కింది పిన్నులు, ఒక పై పిన్ను పెడితే చాలు, స్టాండు పక్కకి లాగేయొచ్చు. విప్పడం ఎందుకంటే, లోడర్ లేకుండా ఈ పెట్టె ఉంటే ముందు భాగం మరీ తేలికవుతుంది. మనిషితో 142 నుంచి 86కి. ఎగువకి ఎక్కుతూ క్లచ్ గబుక్కున వదిలితే ముక్కు గాల్లోకి లేస్తుంది. బాబాయ్ అందుకే పెట్టె మీద తెల్లరంగుతో "బకెట్ ఉంటేనే" అని రాశాడు.

వెనక టైర్లలో నీళ్లు కూడా నింపాం. వాల్వు పైకి వచ్చేట్టు చక్రం తిప్పి, వాల్వు మట్టం దాకా మాత్రమే. పైన గాలి ఉండాలి, లేకపోతే టైరు రాయిలా గతుకుని తోస్తుంది. ఒక్కోదానిలో సుమారు 30 లీటర్లు పట్టాయి. గడ్డకట్టే చలి ఉన్న చోట యాంటీఫ్రీజ్ కలపాలి. కాల్షియం క్లోరైడ్ ద్రావణం నీళ్లకన్నా బరువు, కానీ ట్యూబు కారితే రిమ్ముని తినేస్తుంది. నాకు అంత బరువు అవసరం లేదు. టైర్లో నీళ్లకి ఒక సుగుణం ఉంది: వాటిని మోసేది నేల, ఇరుసు బేరింగు కాదు. పెట్టె బరువు మాత్రం ఇరుసు గొట్టం మీదుగానే దిగుతుంది. అందుకే పెట్టెని ఇంకా బరువుగా చేయలేదు.

ఆరో శనివారం

రిలీఫ్ వాల్వు, అంటే ఒత్తిడి హద్దు దాటితే నూనెని వదిలేసే వాల్వు సంగతి. వచ్చినప్పుడు 70 బార్ దగ్గర ఉంది. 50 మి.మీ. సిలిండర్ ఆ ఒత్తిడి దగ్గర ఒక్కోటి దాదాపు 1400 కిలోల తోపు ఇస్తుంది. ఆర్మ్ పొడవు వల్ల ఎనిమిదిన్నర రెట్లు తగ్గి, లోడర్ సొంత బరువు పోనూ, నేల దగ్గర బకెట్ 270 కిలోలు ఎత్తగలదు. ఈ బండి మోయగలిగిన దానికి రెండింతల పైమాటే. పంపు ఎత్తగలదు కాబట్టి ఎత్తేస్తుంది, విరిగేది ఇరుసు. గేజి తగిలించి, స్క్రూ కొంచెం కొంచెం వదులుతూ 45 బార్‌కి దించాం. ఇప్పుడు 155 కిలోల దగ్గర బకెట్ నిలిచిపోతుంది, వాల్వు బుస్సుమంటుంది. ఆ చప్పుడు వింటే దించేయాలి. గతుకులో ఎగిరిపడ్డ కుదుపుని మాత్రం ఈ వాల్వు ఆపదు. లీవర్ నడుమున ఉంటే సిలిండర్లో నూనె బందీ. దానికి నెమ్మదిగా నడపడమే మందు.

మళ్లీ తూకం. ఈసారి నిజమైన 100 కిలోలు: 20 లీటర్ల నీళ్ల డబ్బాలు అయిదు, బకెట్‌లో. చక్రాల మీద బరువు కాటా హద్దు దాటుతుంది కనుక పలక పద్ధతి. 900 మి.మీ. గట్టి పలక, ఒక కొస ఇటుక మీద కడ్డీకి, రెండో కొస కాటా మీద కడ్డీకి ఆనించాం. చక్రం ఇటుక కొస నుంచి 300 మి.మీ. దగ్గర. అప్పుడు కాటా చూపేది చక్రం బరువులో మూడోవంతు. ఖాళీ పలక చూపిన అంకె ముందే తీసేయాలి. పెట్టె, పళ్లేలు, నీళ్లు అన్నీ ఉండగా ముందు 396, వెనక 478. నా లెక్క 388, 488. పది కిలోల తేడాకి కారణం పెట్టె దూరమో, నా కూర్చున్న తీరో.

ఆ తర్వాత అదే వాలు దగ్గరికి వెళ్లాం. ఈసారి బకెట్ నేలకి జానెడు ఎత్తులోనే, బరువు ఎప్పుడూ ఎగువ వైపే: ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు రివర్స్‌లో. వెనక చక్రం ఒక్కసారి కూడా తిరగలేదు. స్టీరింగు ఒక చేత్తో తిరిగింది, బాగా బరువుగానే అయినా. మట్టి తడిదో పొడిదో చూడకుండా బకెట్ నిండా నింపడం మానేశాను. ఇదే బకెట్‌లో చెక్క పొట్టు గుట్టగా నింపినా 25 కిలోలకి రాదు, తడి మట్టి 120 దాటుతుంది.

మిగిలినవి

క్లచ్ ఫిర్యాదు చేస్తోంది. లోడర్ పని అంటే ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. హైడ్రోస్టాటిక్ (గేర్లకి బదులు నూనె ఒత్తిడితో నడిచే) బండి అయితే పెడల్‌తో అయిపోయేది. ఇక్కడ ప్రతిసారీ క్లచ్ తొక్కి గేరు మార్చాలి. గంట పని చేస్తే ఎడమ మోకాలు తెలుస్తుంది.

బకెట్ తిప్పే కుడి సిలిండర్ రాత్రంతా వదిలేస్తే రెండు వేళ్లంత కిందికి జారుతోంది. పిస్టన్ సీలు లోపల కారుతోందనుకుంటున్నాను. వచ్చే వారం విప్పుతాం. అందాకా ఆపిన ప్రతిసారీ బకెట్ నేలకి ఆనించే దిగుతున్నాను.

పెట్టె తోక నిన్న షెడ్డు తలుపు కమ్మీకి తగిలింది. సుద్ద అంకెలున్న పక్కే. బండి మొత్తం బరువు 345 చెరిగిపోయింది, మిగతావి ఉన్నాయి.